తేడా ఉంది సరే, ఎంత?

స్టాటిస్టిక్స్ చెప్పే రోజుల్లో ఏటా ఒకే లెక్క బోర్డు మీద రాసేవాణ్ణి. అమెరికాలో 22,071 మంది మగ డాక్టర్ల మీద జరిగిన ఆస్పిరిన్ పరీక్ష అది. సగం మందికి రోజు విడిచి రోజు ఆస్పిరిన్ ఇచ్చారు, మిగతావాళ్ళకి మందు లేని ఉత్తి మాత్ర. దాదాపు అయిదేళ్ళు గమనించాక 1988 జనవరిలో తొలి ఫలితాలు అచ్చయ్యాయి. ఉత్తి మాత్ర వేసుకున్న 11,034 మందిలో 189 మందికి గుండెపోటు వచ్చింది. ఆస్పిరిన్ వేసుకున్న 11,037 మందిలో 104 మందికి.

మందులో ఏ గుణమూ లేకుండా ఇంత తేడా రావడం లక్షకు ఒకసారి కన్నా అరుదని పి విలువ చెప్పింది. పిల్లలు అక్కడితో పెన్నుకి క్యాప్ పెట్టేసేవారు. అసలు పాఠం అక్కణ్ణుంచే.

ఒక ఏడాది ఒకమ్మాయి లేచి, "అయితే మా నాన్న వేసుకోవాలా, సార్?" అంది. అంత మంచి ప్రశ్న నా క్లాసులో మళ్ళీ వినలేదు.

గుండెపోట్లు 45 శాతం తగ్గాయనవచ్చు. నూటికి 1.7 నుంచి 0.9కి దిగాయనవచ్చు. 130 మంది అయిదేళ్ళు మాత్ర వేసుకుంటే ఒక్కరికి తప్పిందనవచ్చు. మాత్రకీ గుండెపోటుకీ సహసంబంధం 0.034 అనీ అనవచ్చు. నాలుగూ నిజాలే, నాలుగూ ఎఫెక్ట్ సైజులే, అంటే తేడా ఎంతో చెప్పే కొలతలే. మొదటిది పేపర్లో హెడ్డింగ్ అవుతుంది. చివరిది చూస్తే పరీక్షే దండగనిపిస్తుంది. ఆ అమ్మాయికి నేను మూడోది చెప్పాను. దాని పక్కన రక్తస్రావం ముప్పు పెట్టి డాక్టరు తూచి చూడగలరు. గుండెజబ్బు లేని 60 దాటినవాళ్ళు ముందుజాగ్రత్తకని ఆస్పిరిన్ కొత్తగా మొదలుపెట్టవద్దని 2022లో అమెరికా నిపుణుల సంఘం చెప్పింది కూడా అలా తూచాకే.

రెండు సగటుల తేడాని ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చే ఇంకో ఎఫెక్ట్ సైజుకి గణాంకవేత్త జేకబ్ కోహెన్ 0.2 చిన్నది, 0.5 మధ్యస్థం, 0.8 పెద్దది అని గుర్తులు పెట్టారు. ఇంతకన్నా మంచి ఆధారం దొరకనప్పుడే వీటిని వాడమని ఆయనే హెచ్చరించారు. గుర్తుల్ని బట్టీ పట్టి హెచ్చరికని వదిలేశారు జనం. నాకది ఇప్పటికీ బాధే.

ఈ 'ఎంత' అనే ప్రశ్న మన దేశంలోనూ పాతదే. కలకత్తాలో గణాంకవేత్త మహలనోబిస్ జనసమూహాల శరీర కొలతలు పోల్చేవారు. అలాంటి పోలికలకి ఇంగ్లండ్ గణాంకవేత్త కార్ల్ పియర్సన్ వాడిన గుణకం కొలిచిన మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ పెరుగుతోందనీ, అది తేడా ఉందో లేదో చెబుతుందే తప్ప దూరాన్ని కొలవదనీ వాదించారు. 1936లో ఆయన ఖరారు చేసిన దూరపు కొలతని ఒక్క లక్షణానికి కుదిస్తే మిగిలేది కోహెన్ కొలతే.

రేపు పేపర్లో 'ముప్పు సగం తగ్గింది' అని కనబడితే, వందమందిలో ఎంతమంది నుంచి ఎంతమందికి తగ్గిందో వెతకండి. ఆ రెండు అంకెలూ లేకపోతే ఆ వార్తని నమ్మి మందు మొదలుపెట్టకండి, మానకండి.