రెండు రంగుల కట్ట

రిచర్డ్ గార్ఫీల్డ్ సృష్టించి, 1993లో విడుదలైన ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చే పనితనం ఆటకు ముందే, కార్డుల కట్టను కూర్చేటప్పుడే కనిపిస్తుంది. తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ అని ఐదు రంగులు. ఒక్క రంగుతో ఆడితే నిలకడ ఉంటుంది, కానీ ఆ రంగుకున్న లోటు కూడా మనదే అవుతుంది.

అందుకే రెండు రంగులు కలుపుతారు. నీలం-ఎరుపు జోడీనే చూడండి. ‘లైట్నింగ్ బోల్ట్’ ఒక్క ఎరుపు మానాతో (మంత్రానికి ఖర్చుపెట్టే శక్తి అది) 3 పాయింట్ల దెబ్బ కొడుతుంది. ‘కౌంటర్‌స్పెల్’ ప్రత్యర్థి మంత్రాన్ని రద్దు చేస్తుంది, అయితే దానికి కావలసిన రెండు మానాలూ నీలమే. చిక్కంతా ఇక్కడే. 60 కార్డుల్లో మానానిచ్చే ల్యాండ్లు 24 పెడితే, మొదట చేతికొచ్చే 7 కార్డుల్లో సగటున 2.8 ల్యాండ్లుంటాయి. అవి ఎరుపునిచ్చే కొండలే అయితే కౌంటర్‌స్పెల్ చేతిలో ఉండీ లేనట్టే. నీలాన్నిచ్చే దీవులు పెంచామా, బోల్ట్ ఆగిపోతుంది. ‘స్టీమ్ వెంట్స్’ లాంటి ల్యాండ్ రెండు రంగులూ ఇస్తుంది. వచ్చిన వెంటనే వాడుకోవాలంటే మాత్రం 2 లైఫ్ పాయింట్లు వదులుకోవాలి. ఎంత న్యాయమైన బేరం!

నాకు మరీ గౌరవం కలిగేది తీసేసే చేతిమీద. ఖర్చులో మూడు ఎరుపు మానా గుర్తులున్న కార్డు ఎంత బలమైనదైనా, ఎంత ముచ్చటపడి కొన్నదైనా, నీలం మొగ్గున్న కట్టలోంచి మంచి ఆటగాళ్లు దాన్ని తీసేస్తారు. కట్ట కలిపి ఏడేసి కార్డులు తీసి చూస్తారు. ఒక దీవి తగ్గించి, కొండ చేర్చి, మళ్లీ కలుపుతారు.