కేకు మీద ఎవరి పేరు?

2024లో దీపావళి, హాలోవీన్ ఒకే రోజు వచ్చాయి. అక్టోబరు 31. కోట్‌పల్లిలో అమ్మ గుమ్మం ముందు దీపాలు పెట్టి పడుకుంది. మర్నాడు డాలస్ నుంచి చెల్లి పంపిన ఫోటో నా ఫోన్లో దిగింది. రెండంతస్తుల చాక్లెట్ కేకు. నల్లటి పూత మీద తెల్ల క్రీముతో సాలెగూడు. గుడ్డు తెల్లసొన, చక్కెర గిలక్కొట్టి ఓవెన్లో ఆరబెట్టిన చిన్న చిన్న దయ్యాలు. చుట్టూ నారింజ రంగు గుమ్మడికాయలు. పక్కనే ఇత్తడి కుందిలో దీపం. కేకు పైన క్రీముతో మూడు పేర్లు రాసి ఉన్నాయి. ఇద్దరు పిల్లలవి, మా మరిదిది. కింద చెల్లి మాట: "రాత్రి ఒంటిగంట దాకా చేసిన అక్కా, ఎట్లుంది?"

నేను జవాబిచ్చాను. "ఆఫీసు పని చాలదా? ఇదంతా ఎవరి కోసం?"

రెండు రోజులు ఆమె నుంచి మాట లేదు. మూడో రోజు వచ్చింది. "అమ్మ సద్దులు చేస్తే నువ్వు దాని మీద చాప్టర్ రాసినవ్. నేను కేకు చేస్తే నీకు వెట్టిచాకిరీ లెక్క కనవడుతుందా?"

తెలుగు స్త్రీల సాహిత్యంలో వంటిల్లు మీద డాక్టరేట్ తీసుకున్నదాన్ని. వైవాలో అడగని ప్రశ్నను చెల్లి అడిగింది. ఈ వ్యాసం దానికి జవాబు వెతుక్కునే ప్రయత్నం. ఆమెకు నేను చెప్పాల్సిన క్షమాపణ కూడా ఇందులో కొంత ఉంది.

మన తరం పరిశోధకులు వంటింటి గురించి ఆలోచించడం నేర్చుకున్నది విమల 'వంటిల్లు' కవిత నుంచి. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం చేతిలో పట్టుకుని యూనివర్సిటీ మెట్లెక్కిన వాళ్లం మనం. వంటింటి మమతల వెనక ఉన్న శ్రమను, ఆ శ్రమను కప్పేసిన పొగడ్తలను ఆ కవిత ఒక్క దెబ్బతో బయటపెట్టింది. దాన్ని పాఠం చెప్పేటప్పుడు నేను ప్రతిసారీ ఆగే చోటు ఒకటుంది. వంటగిన్నెల మీద ఎవరి పేరు చెక్కి ఉంది అన్న చోటు. మా ఇంట్లో స్టీలు గిన్నెలన్నిటి మీదా నాన్న పేరే. చుక్కలు చుక్కలుగా చెక్కిన ఆ అక్షరాల్లో ఇరుక్కున్న మసిని బూడిద పెట్టి తోమింది మాత్రం అమ్మ. ఇంకొకామె కూడా తోమింది. ఆమె దగ్గరకు తర్వాత వస్తాను.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ ఈ పేరు సంగతినే ఇంకో వైపు నుంచి చెబుతుంది. కథలో గృహిణికి ఇల్లలకడం కష్టంగా ఉండదు, ఇష్టంగా ఉంటుంది. అలికి ముగ్గులు పెట్టి తీర్చిదిద్దుకోవడంలోనే ఆమెకు తృప్తి. ఆ తృప్తిలో ఉండగానే పేరు మర్చిపోతుంది. పిల్లలకు ఆమె అమ్మ మాత్రమే. పనమ్మాయిని అడిగినా తన పేరు దొరకదు. చివరికి పాత స్నేహితురాలు శారదా అని పిలిస్తే తప్ప తిరిగి రాదు. పేరుతోబాటు, తను ఒకప్పుడు బొమ్మలు వేసేదాన్నన్న సంగతి కూడా తిరిగొస్తుంది.

ఈ కథను నేను చాలాకాలం తొందరగా చదివాను. ఇల్లలకడం బంధనం, బొమ్మలు వేయడం స్వేచ్ఛ అని రెండు గీతలు గీసుకుని సరిపెట్టుకున్నాను. కానీ ముగ్గు బొమ్మ కాదా? చుక్కలు లెక్కపెట్టి, గీత తెగకుండా చేతిలో పిండిని జారవిడిచే నేర్పు కాగితం మీదికి వస్తే కళ, వాకిట్లో ఉంటే చాకిరీ ఎట్లా అవుతుంది? సత్యవతి కథ ముగ్గును తిట్టదు. ముగ్గు వేసిన మనిషిని ఆ ఇంట్లో ఎవరూ పేరుతో పిలవకపోవడమే ఆ కథకు బాధ. ఈ తేడాను నేను నా సిద్ధాంత గ్రంథంలో పట్టుకోలేకపోయాను. చెల్లి కేకు ముందు కూడా అందుకే పొరబడ్డాను.

కేకు సంగతికొద్దాం. హాలోవీన్ అంటే సకల పునీతుల పండుగకు ముందురాత్రి. నవంబరు 2 చనిపోయినవాళ్ల ఆత్మల రోజు. మధ్యయుగాల ఇంగ్లండులో ఈ రోజుల్లో 'సోల్ కేకులు' చేసేవాళ్లు. పేదలు ఇంటింటికీ వచ్చి ఆ కేకులు తీసుకుని, ఆ ఇంట్లో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించేవాళ్లు. ఐర్లండులో ఈ పండక్కి 'బార్మ్‌బ్రాక్' అనే ఎండుపళ్ల రొట్టె చేస్తారు. అందులో ఉంగరం, నాణెం, గుడ్డపీలిక లాంటివి దాచేవాళ్లు. ఉంగరం దొరికిన పిల్లకు ఏడాదిలో పెళ్లి, గుడ్డపీలిక దొరికితే పేదరికం. పిండి పిసికి, కాల్చి, కోసి పెట్టేది ఆడవాళ్లు. ఆ ముక్కలో వాళ్లకు దొరికే భవిష్యత్తు కూడా పెళ్లే.

మనకిది కొత్తేం కాదు. మనకూ చనిపోయినవాళ్ల పక్షం ఉంది. చివరిరోజు పెత్రమాస. ఆ రోజు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పి బియ్యం ఇస్తారు. అదే పక్షంలో నవమిని అవిధవ నవమి అంటారు. భర్త బతికుండగా పోయిన స్త్రీల కోసం ప్రత్యేకించిన రోజు. బతికున్నప్పుడే కాదు, పోయాక కూడా భర్త ఉన్నాడా లేడా అన్న లెక్కలోనే ఆమెకు తిథి. ఇక్కడ మన అవిధవ నవమీ, అక్కడ రొట్టెలోని ఉంగరమూ ఒకే మాట చెబుతున్నాయి.

కానీ తెలంగాణలో ఆ పెత్రమాస రోజే ఇంకొకటి మొదలవుతుంది. ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున మగవాళ్లు పితరుల పేర్లు చదివిన ఇంట్లోనే సాయంత్రం ఆడవాళ్లు పళ్లెంలో గుమ్మడాకులు పరిచి తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి, చామంతి వరసలు వరసలుగా పేరుస్తారు. పైన పసుపు గౌరమ్మ, గుమ్మడిపువ్వు. చెల్లి కేకు ఫోటోను మళ్లీ చూసినప్పుడు నాకు కనిపించింది ఇదే. కింద వెడల్పు, పైకి పోనుపోను సన్నం, వరసకో రంగు, కొసన చిన్న బొమ్మ. క్రీము సంచి పట్టుకున్న ఆ చేతులకు పూలు పేర్చడం కోట్‌పల్లిలో వచ్చింది. నేను చూసింది అమెరికా మోజును. అందులో అమ్మ పనితనం ఉందని నాకు తట్టలేదు.

అట్లాగని కేకును నెత్తిన పెట్టుకుని ఊరేగించమని కాదు. అమెరికాలో కేకుకు వేరే చరిత్ర ఉంది. 1921లో అక్కడొక పిండి కంపెనీ గృహిణుల ఉత్తరాలకు జవాబులివ్వడానికి బెట్టీ క్రాకర్ అనే స్త్రీని సృష్టించింది. అట్లాంటి మనిషి లేదు. ఆ సంతకాన్ని కూడా కంపెనీలో పనిచేసే స్త్రీల చేతిరాతల్లోంచి ఎంచుకున్నారు. 1963లో బెట్టీ ఫ్రీడన్ 'ఫెమినిన్ మిస్టిక్' రాసినప్పుడు, సరుకులు అమ్మడానికి గృహిణిలోని అసంతృప్తిని ఎట్లా వాడుకోవాలో కంపెనీలకు చెప్పే నిపుణుల మీద ఒక అధ్యాయమే కేటాయించింది. కేకు పొడి డబ్బాలు వచ్చాక, పొడిలో నీళ్లు కలిపితే చేసినట్టు అనిపించక ఆడవాళ్లు కొనలేదనీ, గుడ్డు మీరే కొట్టి వేసుకోండి అనగానే అమ్మకాలు పెరిగాయనీ ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. లారా షపీరో 2004లో రాసిన పుస్తకంలో ఈ కథ అంత సూటిగా లేదని చూపించింది. తాజా గుడ్డు వేసుకునే మిక్స్ 1930ల్లోనే ఉంది. 1950ల్లో కంపెనీలు ఎక్కువగా ప్రచారం చేసింది అలంకరణని. కేకు మేం చేసిపెడతాం, పైన పూత మీ సృజన అన్నారు. ఆ పూతకు పట్టే గంటలను మాత్రం ఎవరూ లెక్కగట్టలేదు.

అంటే ఒంటిగంట దాకా మేలుకోవడంలో చెల్లి ఇష్టమూ ఉంది, ఆ ఇష్టాన్ని వాడుకునే బజారూ ఉంది. రెండూ నిజమే. విమర్శకురాలి పని వీటిలో ఒకదాన్ని కొట్టేయడం కాదు. మనం ముగ్గునో కేకునో చూసి 'ఇది కళా, చాకిరీయా' అని అడుగుతున్నంతకాలం జవాబు రాదు. అడగవలసినవి వేరే ఉన్నాయి. దాని మీద ఎవరి పేరుంది? చేసినామె ఎప్పుడు తిన్నది? గుమ్మం బయట ఎవరున్నారు?

ఈ మూడో ప్రశ్న దగ్గర నా గొంతు తడబడుతుంది.

నా సిద్ధాంత గ్రంథంలో సద్దుల బతుకమ్మ గురించి పదకొండు పేజీలు రాశాను. పెరుగు సద్ది, నువ్వుల సద్ది, పులిహోర, రొట్టెను చూరి బెల్లం కలిపి కట్టే మలీద ముద్దలు. అమ్మ చేతి కొలతలతో సహా రాశాను. తాండూరు బండ పరిచిన మా వంటింటి గట్టును వర్ణించాను. ఆ గిన్నెలు తోమిన ఇంకొకామె ఆ పదకొండు పేజీల్లో లేదు. ఆమె పెరటి గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. రానిచ్చేవాళ్లం కాదు అనాలి. సద్దులన్నీ అయ్యాక అమ్మ పైనుంచి ముద్ద జారవిడిస్తే కొంగు పట్టేది. తంగేడు, గునుగు ఏరుకొచ్చింది కూడా ఆమే. ముందురోజే కోసిపెట్టుకున్న పూలు కాబట్టి ఎంగిలిపూలంటారని ఒక వివరణ చెబుతారు. నేను దాన్ని గ్రంథంలో ఉదహరించాను. ఆ కోసిన చేతులెవరివో ఉదహరించలేదు.

గోగు శ్యామలది మాకు పక్కనే ఉన్న పెద్దేముల్. 'ఏనుగంత తండ్రికన్నా ఏకుల బుట్టంత తల్లి నయం' కథలు 2012లో నవయాన ప్రచురణగా ఇంగ్లీషులో కూడా వచ్చాయి. తాండూరు పక్క మాదిగవాడ మాట, అక్కడి పిల్లలు, పని, ఆట వాటిల్లో ఉన్నాయి. జూపాక సుభద్రతో కలిసి ఆమె 2006లో తెచ్చిన 'నల్లరేగడి సాల్లు' సంకలనమూ నా అల్మారాలో ఉంది. వాటిని నేను 'దళిత స్త్రీవాదం' అనే వేరే అధ్యాయంలో పెట్టాను. వంటింటి అధ్యాయంలో కాదు. నా అధ్యాయాల మధ్య గోడ కూడా మా పెరటి గుమ్మం లాంటిదేనని ఇప్పుడు అర్థమవుతున్నది. సామెతలోంచి వచ్చిన ఆ శీర్షికలోనే తల్లి ఏకుల బుట్టంత. ఆమెకు మహారాణి కిరీటమేదీ లేదు. బంధించడానికి వంటిల్లే సరిగ్గా లేని ఇళ్లలో, పొలంలో పొద్దు గడిచే స్త్రీకి మన 'వంటింటి చెర' అన్న మాట ఎంతవరకు సరిపోతుంది? శ్యామల కథలు చదివాక ఈ ప్రశ్న వేసుకోకుండా 'స్త్రీలు', 'వంటిల్లు' అన్న మాటలను మునుపటిలా వాడలేం.

ఇంగ్లండు గుమ్మాల ముందు సోల్ కేకు కోసం నిలబడ్డ పేదలు కనీసం ఇంటివాళ్ల పితరుల కోసం ప్రార్థించారు. మా గుమ్మం ముందు నిలబడ్డామె మాకోసం చేయని పని లేదు. దానికి బదులుగా మేం ఇచ్చింది పైనుంచి జారిన ముద్ద.

దసరా సెలవుల్లో అమ్మను అడిగాను, మలీద నీకెవరు నేర్పారని. అత్తగారనో అమ్మమ్మనో చెబుతుందనుకున్నాను. "ఆమెనే," అంది, పెరటి వైపు చూసి. "పెండ్లై వచ్చిన కొత్తల నాకు రొట్టె జేసుడు రాకుండె. బయట కూసోని చెప్తుండె, నేను లోపట చేస్తుంటి. గిదంత రాస్తవా బిడ్డా?"

రాస్తున్నాను. ఆమె పేరు మాత్రం ఇక్కడ రాయడం లేదు. ఇప్పుడామె కొడుకు దగ్గర వికారాబాద్‌లో ఉంటున్నది. అడగకుండా ఆమె చేతి పనినీ, ఆమె పూలనూ మా ఇల్లు వాడుకుంది. పేరు కూడా అడగకుండా వాడుకోదలచుకోలేదు. వెళ్లి అడుగుతాను. వద్దంటే ఆ మాట రాస్తాను.

చెల్లికి కూడా ఫోన్ చేశాను. ఎవరి కోసం అని అడిగినందుకు తప్పైందన్నాను. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరోది అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు, నైవేద్యం ఉండదు. ఆడవాళ్లు కట్టుకున్న పండుగలో అలగడానికి కూడా ఒకరోజు పెట్టుకున్నారు. "రెండు రోజులు అలిగినవు, లెక్కకు ఒకరోజు ఎక్కువే" అంటే నవ్వింది. తర్వాత అడిగాను, కేకు మీద నీ పేరెందుకు లేదని.

"జాగ చాలలే అక్కా," అంది. కాసేపు ఆగి, "నిజంగ చెప్పాల్నంటే, గది నాకు యాదికే రాలే."

సత్యవతి కథ మళ్లీ చదవాలనిపించింది. ఈసారి మెల్లగా.