మార్చమన్నదే మార్చాలి

"మందుల పని రేపటికి మార్చు" అంటే చాలు, ఏఐ ఏజెంట్ మన పనుల జాబితా యాప్‌లోకి వెళ్లి మార్చేసి వస్తోంది. మనిషైతే యాప్ తెరిచి, పక్కనున్న గుర్తులూ రంగులూ చూసి ఏం నొక్కాలో పోల్చుకుంటాడు. ఏజెంటుకు ఆ తెర కనపడదు. దానికి తెలిసిందల్లా ఒక టూల్ పేరు, ఆ టూల్ తీసుకునే ఫీల్డుల పట్టిక, పక్కన రాసిన నాలుగు వాక్యాల వివరణ. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌ను (ఎంసీపీ) విడుదల చేశాక ఇలాంటి టూళ్లు అందించడానికి ఉమ్మడి పద్ధతి ఒకటి ఏర్పడింది. ఆ నాలుగు వాక్యాలూ రాయడం నాలాంటి టెక్నికల్ రైటర్ల పనిలో చేరింది. కొత్త పనిని చేర్చే టూల్‌కు రాయడం సులువు. తీసేసే టూల్‌కూ సులువే, భయమే అక్కడ జాగ్రత్తగా రాయిస్తుంది. కష్టమంతా మార్చే టూల్‌తోనే.

ఎందుకంటే ఇక్కడ రాయాల్సింది మారే దాని గురించి కన్నా మారకూడని వాటి గురించే ఎక్కువ. గడువు తేదీ ఫీల్డును అసలు పంపకపోతే ఏమవుతుంది? ఖాళీగా పంపితే ఏమవుతుంది? 2014లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 7396 దీనికి స్పష్టమైన నియమం పెట్టింది: పంపని ఫీల్డు ఉన్నట్టే ఉంటుంది, నల్ (విలువ లేదు) అని పంపిన ఫీల్డు పోతుంది, జాబితా పంపితే పాతది మొత్తం పోయి కొత్తది వస్తుంది. ఈ చివరిది చాలా ప్రమాదం. ఒక పనికి 'ఇల్లు', 'అమ్మ' అని రెండు లేబుళ్లు ఉన్నాయనుకోండి. 'అర్జెంట్' అని ఇంకోటి పెట్టమంటే, ఏజెంట్ ఆ ఒక్కదాన్నే పంపుతుంది. అడిగింది అదే కదా! మిగిలిన రెండూ చడీచప్పుడు లేకుండా మాయమవుతాయి. ప్రోగ్రామరైతే ఒకసారి నడిపి చూసి, తేడా కనిపెట్టి సరిదిద్దుకుంటాడు. ఏజెంట్ "పెట్టేశాను" అని చెప్పి ముందుకు పోతుంది. ఆ 'అమ్మ' లేబుల్ కింద వెతికిన రోజున గానీ మనిషికి సంగతి తెలియదు. అందుకే, 'లేబుళ్లను మారుస్తుంది' అన్న వాక్యం నా దృష్టిలో అసంపూర్ణం మాత్రమే కాదు, హానికరం. 'ఇది పాత లేబుళ్లన్నిటి స్థానంలోకి వస్తుంది; ఉన్నవి ఉంచాలంటే ముందు వాటిని చదివి, కొత్తదానితో కలిపి పంపాలి' అని రాయాలి.

అంతకన్నా లోతైన గొయ్యి మళ్లీ మళ్లీ వచ్చే పనులది. అమ్మ బీపీ మాత్రలు ప్రతి నెలా 5న తేవాలి. ఈ నెల 5న కుదరలేదు, రేపటికి జరపమన్నాడు కొడుకు. టుడూయిస్ట్ లాంటి యాప్‌లో 'ప్రతి నెలా 5న' అన్న మాట గడువులోనే భాగం. ఆ గడువు మీద 'రేపు' అని రాస్తే తేదీతో పాటు 'ప్రతి నెలా' కూడా పోతుంది. రేపు మాత్రలు వస్తాయి. వచ్చే నెల 5న ఫోను మోగదు. ఎవరూ తప్పు చేసినట్టు కనపడదు, ఎర్రర్ రాదు. ఇలాంటి చోట వివరణలో ఒక్క వాక్యం ఉందా లేదా అన్నదాని మీద ఒక పెద్దావిడ మందులు ఆధారపడి ఉంటాయి. ఈ మాట అతిశయోక్తిగా అనడం లేదు. పనుల జాబితాల్లో జనం రాసుకునేవి ఇలాంటివే.

ప్రయారిటీ అంకెలదీ ఇదే తీరు. టుడూయిస్ట్ తెర మీద పీ1 అంటే అన్నిటికన్నా ముఖ్యం. వేరే ప్రోగ్రాములు దానితో మాట్లాడే ఏపీఐలో అదే పని 4. క్యాలెండర్ల ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 5545లో 1 అన్నిటికన్నా ఎక్కువ, 9 తక్కువ, 0 అంటే చెప్పలేదని. ఈ మూడు అలవాట్లనూ చదివిన మోడల్‌కు 'ప్రయారిటీ: అంకె' అని మాత్రమే రాసిస్తే, అది ఏదో ఒకటి ఊహిస్తుంది.

ఇక 'రేపు' ఎవరి రేపు? హైదరాబాద్‌లో సోమవారం అర్ధరాత్రి దాటి మంగళవారం ఒంటిగంటయినప్పుడు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం ఇంకా సోమవారం రాత్రి ఏడున్నరే. సర్వర్ తన గడియారం చూసుకుని 'రేపు' అంటే అది మన ఈరోజే. డాలస్‌లో ఉన్న కూతురు, విజయవాడలో ఉన్న నాన్న ఒకే జాబితా వాడుకుంటుంటే చిక్కు ఇంకా ముదురుతుంది. తేదీ ఏ టైమ్ జోన్‌దో వివరణలోనే ఉండాలి. సమయం నిలుస్తుందో లేదో కూడా ఉండాలి. గూగుల్ టాస్క్స్ ఏపీఐ గడువులో తేదీని మాత్రమే ఉంచుకుంటుంది, గంటలూ నిమిషాలూ వదిలేస్తుంది. ఆ సంగతి తెలియని ఏజెంట్ "సాయంత్రం ఆరింటికి పెట్టాను" అని నమ్మకంగా చెబుతుంది.

అలాగని అన్నీ రాయలేం. ఈ వివరణ మోడల్ కాంటెక్స్ట్‌లో చోటు తీసుకుంటుంది, ఆ సంభాషణలో ఈ టూల్ వాడినా వాడకపోయినా. పక్కన ఇంకో ఇరవై టూళ్లుంటే వాటి మాటలూ అక్కడే ఉంటాయి. అందుకని యాప్ గొప్పలు తీసేస్తాను. 'ఈ టూల్ సహాయంతో మీరు సులభంగా' లాంటి ఎత్తుగడలు తీసేస్తాను. పేరు చూస్తేనే తెలిసే ఫీల్డులకు వివరణ ఒక ముక్కతో సరి. పోగొట్టే ప్రమాదమున్న ఫీల్డుకు మాత్రం రెండు వాక్యాలు పట్టినా వెనకాడను.

ఎంసీపీలో టూల్‌కు తగిలించే సూచనలు కొన్ని ఉన్నాయి. వాటిలో 'డిస్ట్రక్టివ్ హింట్' ఒకటి, ఈ టూల్ ఉన్నదాన్ని పోగొట్టవచ్చని చెప్పేది. తొలగించే టూల్ కాదు కదా, మార్చే టూల్‌కెందుకు ఆ ముద్ర అని వాదించే ఇంజినీర్లు ఉంటారు. ప్రోటోకాల్ మాట స్పష్టంగానే ఉంది: ఆ సూచన 'కాదు' అని పెట్టాలంటే టూల్ ఉన్నదానికి చేర్చేది మాత్రమే అయ్యుండాలి. పాత తేదీ మీద కొత్త తేదీ రాసే టూల్ అలాంటిది కాదు. ముద్ర ఉండాల్సిందే. దాన్ని చూసి, మార్చే ముందు యూజర్‌ను అడగాలో వద్దో యాప్ నిర్ణయించుకోగలుగుతుంది.

రాసినదాన్ని పరీక్షించడానికి నేను శుభ్రమైన ఆదేశాలు వాడను. జనం మాట్లాడే మాటలే ఇస్తాను. "ఆ గ్యాస్ సంగతి పండగ వెళ్లాక చూద్దాం" అంటే ఏజెంట్ ఏం పంపుతుందో చూస్తాను. జాబితాలో గ్యాస్ బుకింగ్ ఒకటి, స్టవ్ రిపేరు ఒకటి ఉంటాయి. ఐడీ ఊహించకుండా ముందు వెతికే టూల్‌ను పిలిచిందా? రెండు దొరికితే ఏదని అడిగిందా? ఏ పండగో తెలియనప్పుడు తేదీ కల్పించిందా, ఆగిందా? కల్పిస్తే, మోడల్‌ను తప్పుపట్టే ముందు వివరణ మళ్లీ తెరుస్తాను. చాలాసార్లు అక్కడ లేని వాక్యం ఇదే: తేదీ నిర్ధారణగా తెలియకపోతే ఈ టూల్‌ను పిలవకు, మనిషిని అడుగు.