గెరాసిమ్ భుజాలు

బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, విమర్శకుణ్ణి కాను. అయినా టాల్‌స్టాయ్ 1886లో అచ్చువేసిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' అనే చిన్న పుస్తకాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి 2019లో, హోసూరులో, మా అమ్మ మంచం పక్కన. ఆమెకు కాన్సరు. ఇక ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రివాళ్లు చెప్పేశారు. ఆ రెండో చదువు గురించే ఈ నాలుగు మాటలు.

కథలో జబ్బుకు పేరు లేదు. నలభై ఐదేళ్లకే పోయిన ఒక జడ్జి. తెరలు ఎలా కట్టాలో చూపించబోయి జారతాడు, పక్కలో దెబ్బ తగులుతుంది. మూత్రపిండమా, అపెండిక్సా అని డాక్టర్లు తర్జనభర్జన పడతారు. కాన్సరే అయివుంటుందని తర్వాతి వైద్యులు కొందరు ఊహించారు.

మన 'ప్రేమాభిషేకం' (1981)లో కాన్సరు త్యాగానికి పనికొచ్చింది. మలమూత్రాలు ఎత్తడం, పక్క మార్చడం మన తెరమీదికి రావు. టాల్‌స్టాయ్ సరాసరి అక్కడికే వెళ్లాడు. యజమాని మలపాత్ర తీసేవాడు గెరాసిమ్ అనే పల్లెటూరి కుర్రాడు. కాళ్లు పైకెత్తి పట్టుకుంటే హాయిగా ఉందని రోగి అంటే, వాటిని భుజాలమీద పెట్టుకుని రాత్రిళ్లు కూర్చుంటాడు. అందరూ తగ్గిపోతుందని నటిస్తుంటే అబద్ధమాడనివాడు వాడొక్కడే. ఇంత నిజమైన సేవను నేను మరే కథలోనూ చదవలేదు.

నా పేచీ భార్య విషయంలో. శవం ఇంట్లో ఉండగానే ప్రస్కోవ్యా ఫ్యోదరోవ్నా భర్త స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, సర్కారు నుంచి ఇంకేమైనా సొమ్ము రాబట్టవచ్చా అని ఆరా తీస్తుంది. రచయిత ఆమెను క్షమించడు. నామినీ కాగితాలు పట్టుకుని నా బల్ల ముందుకు వచ్చే ఆడవాళ్లను ఇన్నేళ్లుగా చూస్తున్నాను. కళ్లు తుడుచుకుంటూనే వడ్డీ ఎంతని అడుగుతారు. అడగాలి కూడా. మందులషాపు బాకీ ఆగదు కదా! మూడు రోజులు ఆయన కేకలు ఎలా భరించానో అని ఆమె చెప్పుకుంటే, అదీ స్వార్థంగానే చూపాడు టాల్‌స్టాయ్. ఆ కేకలు విన్నది మరి ఆమేగా?

మా ఇంట్లో గెరాసిమ్, ప్రస్కోవ్యా ఇద్దరూ మా ఆవిడే. పక్కబట్టలు మార్చిందీ ఆమే, "తగ్గిపోతుందిలే అత్తయ్యా" అన్నదీ ఆమే. ఆ అబద్ధం నేను నేర్పిందే.

అమ్మ నొప్పిని సలుపు, పోటు, తీపు, మంట అని వేరువేరుగా చెప్పేది. నేను డాక్టరుకు తమిళంలో చెప్పేసరికి అన్నీ 'వలి' అయిపోయేవి. తమిళంలో మాటలు లేక కాదు, నాకు రాక. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాం! ఇవాన్ ఇల్యీచ్‌కు ఆ రోజుల్లోనే మార్ఫిన్ సూది వేశారు. మన దేశంలో 1985 నాటి మత్తుమందుల చట్టం తర్వాత అది రోగులకు గగనమైంది. 2014లో సవరణ వచ్చింది. అయినా ఆ మాత్ర మా చేతికి రావడానికి పదకొండు రోజులు పట్టింది.

ఒక రాత్రి అమ్మ, "నాకేం జబ్బురా?" అంది.

"పుండమ్మా, మానిపోతుంది" అన్నాను.

కాసేపు నా మొహంలోకి చూసింది. "సరే, పోయి పడుకో. దాన్ని పిలువు, కాళ్లకింద దిండు సర్దాలి" అంది.