గిజిగాడి అరగూడు

జాషువా పద్యాలు కట్టి మెచ్చుకున్న పిట్ట గిజిగాడు. తాటిమట్ట చివరనో, బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకో, కాలవగట్టు ఈతచెట్టుకో దాని గూళ్లు వేలాడుతుంటే ఒక్క క్షణం ఆగి చూడనివాళ్లు అరుదు. అయితే మన మెచ్చుకోలంతా పూర్తయిన గూటికే చెందుతోంది. ఈ పిట్ట పనితనం ఎక్కడుందో తెలియాలంటే మాత్రం సగం కట్టి ఆపేసిన గూడు చూడాలి.

గిజిగాడు పిచ్చుకంతే ఉంటుంది, 15 సెంటీమీటర్లు. మామూలు రోజుల్లో ఆడా మగా ఒకేలా మట్టిరంగు చారలతో కనిపిస్తాయి. వానలు పడేసరికి మగదాని నడినెత్తి, రొమ్ము పసుపుపచ్చగా మారతాయి, చెంపలూ ముక్కూ నల్లబడతాయి. గూడు కట్టే కాలమూ అదే. పోగులు తీయడానికి పచ్చి ఆకు, పిల్లల నోట పెట్టడానికి పురుగులు పుష్కలంగా దొరికేది అప్పుడే. కట్టుబడి దాదాపుగా మగదాని వంతే.

పని ఆకు దగ్గర మొదలవుతుంది. వరి, చెరకు, రెల్లు లాంటి పొడుగాటి ఆకు మీద వాలి, అంచున ముక్కుతో చిన్న గాటు పెడుతుంది. గాటు పడ్డ కొసను గట్టిగా కరిచి పట్టుకుని లాగుతూ ఎగురుతుంది. ఆకు నారవెంట నిలువునా చీలి, సన్నటి పోగు ముక్కున వేలాడుతూ వచ్చేస్తుంది. గాటు ఎంత లోతుంటే పోగు అంత వెడల్పు. పొడవు 20 నుంచి 60 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఎండాకు మెలిపెడితే విరుగుతుంది కనుక పచ్చిదే కావాలి. ఒక గూడు పూర్తి కావడానికి మగపిట్ట 500 సార్ల దాకా తిరగాల్సి వస్తుంది. పక్కవాడు అటు వెళ్లగానే వాడి గూటి పోగు లాక్కొచ్చుకునే ఘనులూ ఉంటారు.

ఇక ముడి. నేతగాడికి మగ్గం ఉంటుంది, బిగించిన పడుగు ఉంటుంది. గిజిగాడికి ఉన్నది గాలికి ఊగే ఆకు కొన ఒక్కటే. పోగు ఒక కొసను కాలికింద అదిమిపెట్టి, రెండో కొసను ముక్కుతో ఆకు చుట్టూ తిప్పుతుంది. తలను అదురుతున్నట్టు ఆడిస్తూ ఆ కొసను సందులోకి దూరుస్తుంది. వదిలేసి, అవతలి పక్కనుంచి అందుకుని లాగుతుంది. మళ్లీ ఇంకో సందు, ఇంకో మెలిక. ఇలా ముందు కాడ తయారవుతుంది, కాడ కింద ఉంగరంలాంటి చుట్టు. అందులో నిలబడి, మెడ చాచి అందినంత మేర అల్లుకుంటూ పోతుంది. గూటికి కొలబద్ద దాని ఒళ్లే.

ఈ విద్య పుట్టుకతోనే పూర్తిగా వచ్చేస్తుందా? గిజిగాడికి దాయాది అయిన ఒక ఆఫ్రికా పిట్ట మీద నికొలస్, ఎల్సీ కొలియాస్ దంపతులు 1960లలో చేసిన పరిశీలనలు కొంత జవాబు చెబుతాయి. అల్లాలన్న తపన పుట్టుకతోనే ఉంటుంది గానీ చెయ్యి తిరగాలంటే సాధన కావాలి. చిన్నప్పుడు ఆకులూ పోగులూ అందకుండా పెరిగిన మగపిల్లలు ఆ తర్వాత అల్లికలో వెనకబడ్డాయి.

ఇప్పుడు అరగూటి సంగతి. ఎనిమిది రోజులు పనిచేసేసరికి హెల్మెట్ ఆకారంలో ఒక గుమ్మటం వేలాడుతుంది. అడుగు భాగం తెరిచే ఉంటుంది. మధ్యలో అడ్డంగా, పిట్ట కూర్చోడానికి వీలుగా ఒక దూలం. అక్కడితో మగది పని ఆపేస్తుంది. ఆడపిట్టలు అటుగా వస్తే చాలు, ఆ గూళ్ల పేటలోని మగవన్నీ ఎవరి గూటికి వాళ్లు వేలాడుతూ, రెక్కలు టపటపలాడిస్తూ కేకలు పెడతాయి. ఆడది వచ్చి, దూరి, అటూ ఇటూ చూసుకుని, నచ్చితే ఉండిపోతుంది. నచ్చకపోతే పక్క గూటికి పోతుంది.

నచ్చిన తర్వాతే మిగతా పని. మగది దూలానికి ఒక పక్కను మూసి గుడ్ల గది చేస్తుంది, రెండో పక్కను కిందికి గొట్టంలా సాగదీస్తుంది. కూర్చోడానికి వేసిన ఆ దూలమే ఇప్పుడు గడప. గాలికి గూడు ఎంత ఊగినా గుడ్లు గొట్టంలోకి దొర్లిపోకుండా అదే కాస్తుంది. లోపలి సర్దుబాట్లలో ఆడదీ చెయ్యి వేస్తుంది. మొత్తం పద్దెనిమిది రోజుల పని. చివరి పది రోజుల శ్రమనూ బేరం కుదిరేదాకా అట్టే పెట్టుకోవడంలో ఉంది గిజిగాడి తెలివి. సగంలో ఆపిన గూడు సగం పనిలా ఉండకూడదు, చూసుకోడానికి వచ్చిన ఆడదానికి అంతా అర్థం కావాలి. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా పనితనమే.

గూడు పూర్తయ్యాక మగది ఏం చేస్తుందో 1930లో బొంబాయికి దగ్గర్లోని కిహిం అనే ఊళ్లో సలీం అలీ గమనించారు. గుడ్లు పొదిగే పని ఆడదానికి వదిలేసి, అది మరో గూడు మొదలుపెడుతుంది, మరో ఆడదాన్ని పిలుస్తుంది. ఒకదాని తర్వాత ఒకటిగా ఇలా సాగే సంసారాలను ఆయన వివరంగా రాసిపెట్టారు. మొదటి గూట్లో రెండు నుంచి నాలుగు తెల్లటి గుడ్ల మీద ఆడది రెండు వారాల పైన కూర్చుంటుంది.

గూటి లోపల మట్టి ముద్దలు కనిపిస్తాయి. వాటికి మిణుగురులు అంటించి దీపం పెట్టుకుంటుందన్నది మన ఊళ్ల కథ. గాలిలో గూడు నిలకడగా ఉండేందుకు బరువన్నది ఒక వాదన.

ఆడపిట్ట ఎంపిక మీద జరిగిన ఒక అధ్యయనం అల్లికను మెచ్చుకునే మనల్ని కాస్త ఇరుకున పెడుతుంది. అల్లిక తీరు కన్నా గూడు ఎక్కడుందన్నదానికే ఆడది ఎక్కువ విలువ ఇస్తుందట. ఎత్తుగా ఉండాలి, సన్నటి కొమ్మకు ఉండాలి, కింద పొడినేల ఉంటే మరీ మంచిది. దీంతో అల్లిక గొప్పతనం తగ్గిందనుకోనక్కర్లేదు. నా లెక్కలో పేటలో అందరూ బాగానే అల్లుతున్నప్పుడు తేడా తెచ్చేది చోటే. మొదటి పోగు చుట్టకముందే సరైన కొమ్మను పట్టుకోవడం ఆ పనిలో తొలి మెట్టు.

ఈసారి వానాకాలం చివర గూళ్ల చెట్టు ఎదురైతే పొడుగాటి గొట్టాలున్న గూళ్లతో పాటు గొట్టం లేని గుమ్మటాలనూ లెక్కపెట్టండి. గొట్టం ఉన్నది నచ్చిన గూడు, లేనివాటిలో చాలావరకు ఎవరికీ నచ్చనివి. రెండూ ఎంత ఎత్తున, ఎలాంటి కొమ్మకు ఉన్నాయో పోల్చి చూస్తే, ఆడపిట్ట తీర్పు కిందనుంచే కొంత అర్థమవుతుంది.