సైతానును నమ్మని సైతానువాదులు

దేవుడే లేడన్నవాడికి సైతానుతో పనేమిటి? అయినా పడమటి దేశాల్లో సైతానువాదులమని చెప్పుకుంటూ, సైతాను అనేవాడు వున్నాడని బొత్తిగా నమ్మనివాళ్లు వున్నారు. వాళ్లకు అతడొక ప్రతీక. ఎవరికీ తలవంచని వ్యక్తికి పెట్టుకున్న పేరు. ప్రతీక అంటున్నారు కనుక దీన్ని మతగురువుల కంటే సాహిత్య విద్యార్థులే పరిశీలించవలసి వుంది.

ఈ సైతాను బైబిలులోంచి వచ్చినవాడు కాదు, కావ్యాల్లోంచి వచ్చినవాడు. 1667లో వెలువడిన 'పారడైజ్ లాస్ట్'లో మిల్టన్ దేవుడి పక్షం వహించాడు. కాని 1649లో రాజుకు వేసిన మరణశిక్షను సమర్థించిన ఆ కలానికి తిరుగుబాటుదారే బాగా పట్టుబడ్డాడు. బ్లేక్ ఈ సంగతి పసిగట్టాడు. 1821లో ఆస్థానకవి సదే, బైరన్ బాపతు కవులను సైతాను సంప్రదాయం వాళ్లని తిట్టాడు. 1863లో ఇటలీ కవి కార్డూచి సైతానుకు స్తోత్రమే రాసి, చివరకు అతడిని రైలింజనులో చూశాడు. మతపెత్తనం మీద విజ్ఞానం చేసిన దాడికి అది కేక. ఇంతవరకు మనకు పేచీ లేదు.

పేచీ ఆంటన్ లావేతో వస్తుంది. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఈయన 'చర్చ్ ఆఫ్ సేటన్' పెట్టాడు. 1969లో 'సెటానిక్ బైబిల్' ప్రకటించాడు. అందులో మొదటి భాగం చాలావరకు 1896 నాటి 'మైట్ ఈజ్ రైట్' నుంచి ఎత్తి రాసినదే. బలవంతుడిదే న్యాయమని, సమానత్వం బూటకమని వాదించే పుస్తకమది. దేవుణ్ణి గద్దె దించి ఆ గద్దె మీద 'నేను'ను కూర్చోబెట్టడం తిరుగుబాటు ఎలా అవుతుంది? లాభాల వేటలో వున్న ప్రతి పెట్టుబడిదారూ రోజూ ఆచరిస్తున్న ధర్మానికి ఈయన కొమ్ములు తగిలించాడు, అంతే.

దీనికి జవాబు ఎప్పుడో వచ్చింది. 1820లో 'ప్రొమిథియస్ అన్‌బౌండ్' పీఠికలో షెల్లీ ఇద్దరు ధిక్కారులనూ పోల్చి చూశాడు. ధైర్యంలో సైతాను తక్కువవాడు కాడు. కాని పదవీ కాంక్ష, అసూయ, పగ అతడిని అంటుకుని వున్నాయి. ప్రొమిథియస్‌కు అవి లేవు. మిల్టన్ రెండో సర్గ తెరిచి చూడండి, నరకంలోనూ సైతాను సింహాసనం మీదే వున్నాడు! షెల్లీ వదిలిపెట్టినదాన్నే లావే ఏరుకున్నాడు.

మనకూ ప్రతినాయకులను తలకిందులు చేసి చూసే సంప్రదాయం వుంది. అయితే త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుకవధ' (1920)లో శంబుకుడు ఒంటరి అహంకారి కాడు. అతడి వెనుక తపస్సుకు, చదువుకు దూరం చేయబడిన జనం వున్నారు. లావే సైతాను వెనుక ఎవరున్నారు?

2013లో మొదలైన 'సెటానిక్ టెంపుల్' వారిని లావేతో ఒకే గాట కట్టడం అన్యాయం. వాళ్ల ఏడు సూత్రాల్లో మొదటిది సాటి ప్రాణుల పట్ల కరుణ; రెండోది న్యాయం కోసం పోరాటం. ప్రభుత్వ స్థలాల్లో పది ఆజ్ఞల శిల పెడితే, మా విగ్రహమూ పెట్టండని కోర్టులకెక్కారు. లౌకికవాదాన్ని పరీక్షకు పెట్టిన ఆ ఎత్తుగడ నాకు నచ్చింది. కాని నాటకం మతం రాసిందే, వేదికా మతానిదే. అందులో వేషం మార్చుకుంటే ఎంత దూరం పోగలరన్నది నా సందేహం.

అనతోల్ ఫ్రాన్స్ 1914లో రాసిన 'దేవదూతల తిరుగుబాటు' నవలలో సైతాను స్వర్గాన్ని జయించినట్టు కలగంటాడు. గెలిచి తానూ దేవుడిలాగే కఠినుడై పోతాడు. మేలుకున్నాక యుద్ధమే వద్దంటాడు. షెల్లీ పీఠికతో కలిపి ఈ నవలను మన విద్యార్థులు చదవాలి.