కవుల నుండి అధికారవర్గానికి: ‘మూవర్స్ అండ్ షేకర్స్’ అర్థపరిణామం

ప్రభావశీలురను సూచించే ఆంగ్ల జాతీయాలలో ‘మూవర్స్ అండ్ షేకర్స్’ ఒకటి. కదిలించేవారు, కుదిపేవారు అని దీని వాచ్యార్థం. నేటి వాడుకలో ఇది రాజకీయ, వాణిజ్య రంగాలలో నిర్ణయాలను శాసించగలవారికి చెల్లుతున్నది. అయితే దీనికి ప్రాచుర్యం కల్పించిన కవితలో ఇది కవులకు చెందిన మాట. ఈ మార్పును అర్థవ్యాకోచమని పేర్కొని ఊరుకోవడం చాలదు. పదబంధం విస్తరించడంతోపాటు పక్షం కూడా మార్చింది.

ఆర్థర్ ఓషానెస్సీ (1844–1881) బ్రిటిష్ మ్యూజియం ఉద్యోగి. అతని ‘ఓడ్’ 1874లో వెలువడిన ‘మ్యూజిక్ అండ్ మూన్‌లైట్’ సంపుటిలో ఉంది. అందులో కవులు తమను గురించి తామే చెప్పుకుంటారు. వారు లోకాన్ని పోగొట్టుకున్నవారు, ఏకాంతచారులు. అయినా లోకాన్ని నిరంతరం కదిలించేది తామేనని వారి ప్రతిపాదన. ఈ విరోధాభాసమే పదబంధానికి ప్రాణం. 1912లో ఎడ్వర్డ్ ఎల్గార్ ‘ది మ్యూజిక్ మేకర్స్’ పేర ఈ కవితకు స్వరరచన చేసినప్పుడు కూడా అది కళాకారుల వాణిగానే నిలిచింది.

1936లో మేబెల్ డాడ్జ్ లూహన్ తన స్మృతుల సంపుటాలలో ఒకదానికి ఈ పదబంధాన్నే శీర్షికగా గ్రహించింది. ఆమె న్యూయార్క్ గోష్ఠులలో రచయితల సరసన కార్మికోద్యమ నాయకులు కూడా కనిపిస్తారు. కవి ఇక్కడ ఏకైక కర్త కాడు. అయినా ఆ గోష్ఠులలో ఉన్న వ్యవస్థను ప్రశ్నించే స్వరం బలంగానే వినిపిస్తుంది.

తరువాతి వాడుకలో మూడు లోపాలు ఏర్పడ్డాయి. ఉత్తమపురుష ప్రథమపురుషగా మారింది: ‘మేము’ అన్నది ‘వారు’ అయింది. కర్మపదమైన ‘లోకం’ జారిపోయింది. దేనిని కదిలిస్తున్నారన్న ప్రశ్న దానితోపాటే అణగిపోయింది. ఓటమికీ శక్తికీ నడుమ ఉన్న విరోధం తొలగింది. మిగిలినది హోదాసూచకం మాత్రమే.

కనుక దీనికి అన్ని సందర్భాలలోనూ ‘పలుకుబడి గలవారు’ అని అనువదించడం సమంజసం కాదు. పత్రికావార్తకు అది సరిపోతుంది. ఓషానెస్సీ కవితలో అర్థాన్ని తలకిందులు చేస్తుంది. అయితే ఆ తెలుగు మాటలో ఒక విశేషం ఉంది. ‘పలుకుబడి’ భాషాప్రయోగానికీ ప్రాబల్యానికీ ఒకే పేరు. ప్రాబల్యార్థం ఎంత స్థిరపడినా అందులో ‘పలుకు’ చెరగలేదు. ఆంగ్ల జాతీయం తనకు ప్రాచుర్యమిచ్చిన కవిని మరచింది. తెలుగు పదం మాటను తనలోనే నిలుపుకొన్నది.